సరుకును మాత్రం దించను

జులై 1, సోమవారం. ఉదయం 5.20

నలభై నాలుగేళ్ల కిందట, విమానాశ్రయం కార్గో షెడ్డులో, మా పెద్ద సారు పెన్నుతో టీ కలుపుకుంటూ నాకొక మాట ఇచ్చాడు. "వచ్చే బ్యాచ్‌లో లోడ్ ప్లానింగ్ కోర్సుకి నిన్నే పంపిస్తానోయ్. రాసిపెట్టుకో."

రాసిపెట్టుకున్నాను. ఆ డైరీ ఇంకా ఉంది. వచ్చే బ్యాచ్‌లో వెళ్లినవాడు టై. వాడికి అసలు పేరు ఉంది గానీ నా సిరా దానికి ఖర్చు చేయను. టై కట్టుకుని పెట్టెలు తూచే మనిషిని నా జీవితంలో వాడొక్కణ్ణే చూశాను.

ఆ తర్వాత నేను తూచాను, వాడు సంతకం పెట్టాడు. విమానంలో ఎంత బరువు ఎక్కింది, ఏది ఎక్కడ కూర్చుంది అని లెక్క చెప్పే కాగితాన్ని లోడ్‌షీట్ అంటారు. అది లేకుండా విమానం అంగుళం కదలదు. దాని కింద సంతకం పెట్టాలంటే చదువు ఉండాలి. ముప్ఫై ఆరేళ్ల ఉద్యోగంలో నేను పెట్టిన సంతకాలన్నీ హాజరు పట్టీలోనే.

అయిపోలేదు! నిన్నటితో డెబ్బై నిండాయి. రేపటి నుంచి కాలేజీ! విమాన రవాణాలో మూడేళ్ల డిగ్రీ, లోడ్ ప్లానింగ్ ప్రత్యేక విభాగం. వయసు గడిలో 70 అని కొడితే కంప్యూటరు "సరైన అంకె వేయండి" అంది. అంతకన్నా సరైన అంకె నా దగ్గర లేదు. చివరికి ఆఫీసు గుమాస్తా చేత్తో రాసిచ్చాడు.

తీర్మానాలు:
1. ఒక్క క్లాసూ మానను.
2. పాఠం చెప్పేవాళ్లను సరిదిద్దను.
3. "మా రోజుల్లో" అనను.
4. పాత పగలు తవ్వను.

మా ఆవిడకు చదివి వినిపించాను. చివరిదాకా విని, కళ్లజోడు తుడుచుకుంది.

"నాలుగోది కూడా మానేస్తే ఇక మీ దగ్గర మిగిలేది ఏముందండీ?"

జులై 2, మంగళవారం. సాయంత్రం 4.45

మొదటి రోజు! మూడు రంగుల పెన్నులు. కొత్త సంచి. నలభై నిమిషాల ముందే వెళ్లి మూడో వరస మధ్యలో కూర్చున్నాను. పిల్లలంతా వచ్చి వెనక బెంచీల్లోకి దూరారు. ముందు నేనొక్కణ్ణే! ఆ గది విమానమైతే ముక్కు పైకి లేచి, తోక నేలకు తగిలి ఉండేది. ఊరుకోగలనా? లేచి నిలబడి, లావుపాటి కుర్రాళ్లు ఇద్దరినీ మొదటి వరసకు, సంచులన్నీ మధ్యకు, పొడుగువాళ్లను రెక్కల దగ్గరకు, అంటే కిటికీల పక్కకు సర్దాను. కిక్కురుమనలేదు ఒక్కరూ.

మేడమ్ వచ్చింది. ముప్ఫై దాటి ఉండవు. చేతిలో అడుగు పొడవు స్కేలు. పిల్లలు అప్పుడే పేరు పెట్టేశారు: రూలుకర్ర మేడమ్.

"వీళ్లని ముందుకి జరిపింది ఎవరు?"

"నేనేనండి. బరువు వెనక పడింది."

స్కేలుతో గాల్లో గీత గీసినట్టు ఊపింది. "పాఠం మొదలుపెట్టకముందే పాఠం అయిపోయింది. కూర్చోండి తాతగారూ."

ఆహా! ఇంటికి నడిచే వచ్చాను. మోకాలు ఒక్క మాట అనలేదు.

"మా రోజుల్లో" లెక్క: 3. ఇదే చివరిసారి.

జులై 5, శుక్రవారం. మధ్యాహ్నం 1.30, క్యాంటీన్

ల్యాబులో నా జత అమ్మాయి నోట్లో ఎప్పుడూ బబుల్‌గమ్. అందుకే దాని పేరు బబుల్‌గమ్. బుడగ పేలితే జవాబు వచ్చిందని అర్థం.

"తాతగారూ, మీరు నిజంగా విమానాల్ని తూచేవారా?"

"విమానాల్ని కాదు తల్లీ. అందులో ఎక్కేవాటిని. రేసు గుర్రాల్ని తూచాను. పియానోలు తూచాను. ఒకసారి అరవై పెట్టెల కోడిపిల్లల్ని తూచాను. అవి ఎగిరినప్పుడల్లా ముల్లు ఊగేది."

"వావ్! ఇంకా?"

ఇంకానా? ఇంకా అని నన్ను ఎవరూ అడిగి పదేళ్లయింది. షెడ్డు ఆచారం మొత్తం చెప్పాను. సరుకు అంతా ప్యాలెట్ అనే అల్యూమినియం పలక మీద పేర్చి, పైన వల బిగిస్తారు. ముల్లు చూసే కుర్రాడు సరుకు బరువు మాత్రమే అరుస్తాడు. పలకా వలా కలిపి నూట ఇరవై కిలోలు. ఆ నూట ఇరవైని తూకం గుమాస్తా, అంటే నేను, మనసులోనే కలుపుకుని రాయాలి. ఎవరూ గుర్తు చేయరు. మరిచిపోయినవాడు షెడ్డులో ఉండడు.

"ఒక్కసారి కూడా మర్చిపోలేదా?"

"ముప్ఫై ఆరేళ్లలో? నిద్రలో లేపి అడిగినా కలిపేస్తాను."

బుడగ పేలింది.

"మా రోజుల్లో" లెక్క: 11. క్యాంటీన్‌లో అన్నవి లెక్కలోకి రావు.

జులై 11, గురువారం. సాయంత్రం 5.00

చిన్న తగాదా. తగాదా కూడా కాదు, జ్ఞానం పంచుకోవడం.

మేడమ్ బోర్డు మీద రాసింది: పెద్దవాళ్లు, చేతి సంచితో కలిపి, ఒక్కొక్కరు 84 కిలోలు. ప్రయాణికులను ఎవరూ తూచరట. తల ఒక్కంటికి 84 వేసి గుణించేస్తారట!

రెండో తీర్మానం గుర్తుంది. పళ్లు బిగించాను. పెట్టుడు పళ్లు, ఆగలేదు.

"మేడమ్, మా ఆవిడ 52. ఆవిడ సంచి 9. మొత్తం 61. మిగతా 23 కిలోలు ఎవరివి?"

"సగటు తాతగారూ. కొందరు తక్కువ ఉంటారు, కొందరు ఎక్కువ. మొత్తం మీద సరిపోతుంది."

"డెబ్బై ఏళ్లలో చాలామందిని కలిశానండి. సగటు మనిషిని మాత్రం ఇంతవరకూ కలవలేదు. మా రోజుల్లో..."

క్లాసు గొల్లుమంది. మేడమ్ స్కేలు బల్ల మీద టక్కున మోగింది. ఆ మోత నాకు నచ్చలేదు. పెద్ద సారు కూడా పెన్నుతో అలాగే మోగించేవాడు.

జులై 12, శుక్రవారం. మధ్యాహ్నం 12.10

ఇంట్లో స్నానాల గదిలోని తూకం యంత్రాన్ని తువ్వాలులో చుట్టి తీసుకెళ్లాను. మేడమ్ రాకముందే క్లాసు మొత్తాన్ని సంచులతో సహా తూచాను! వరసలో నిలబడ్డారు! ఒకడు "తాతగారూ, షూ విప్పాలా?" అన్నాడు. "విమానం ఎక్కేటప్పుడు విప్పుతావా? ఎక్కు!" అన్నాను. బబుల్‌గమ్ అంకెలు రాసింది. ముప్ఫై ఒక్క మంది, సగటు 66. నిరూపించాను! 84 అబద్ధం!

అప్పుడు మేడమ్ వచ్చింది.

"మీరొక్కరే మిగిలారు మేడమ్," అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇప్పుడు తెలుస్తోంది.

యంత్రం ఆఫీసు బీరువాలో ఉంది. వార్షిక పరీక్షల దాకా ఇవ్వరట. మా ఆవిడ తన బరువు ఎలా చూసుకోవాలని అడుగుతోంది. "84 అనుకో" అన్నాను. అన్నం పెట్టలేదు.

జులై 15, సోమవారం

వెళ్లలేదు. మోకాలు.

జులై 16, మంగళవారం

రెండో మోకాలు.

జులై 18, గురువారం

వాన. అది కూడా పెద్ద వాన కాదు. కానీ పడాలనుకుంటే పెద్దదే పడేటట్టు ఉంది.

జులై 24, బుధవారం. ఉదయం 11.00

మానడం లేదు. ఇంటి దగ్గర స్వయంగా చదువుకుంటున్నాను. ఈ వారం చదివినవి: దీపస్తంభాల చరిత్ర, 612 పేజీలు. తేనెటీగల పెంపకం. ఒక సముద్ర దొంగ జ్ఞాపకాలు, రెండోసారి. పాఠ్యపుస్తకం కూడా తెరిచాను. ముందుమాటలో నాలుగు తప్పులు ఉన్నాయి. ప్రచురణకర్తకు ఉత్తరం రాయడానికే రెండు రోజులు పట్టింది.

మా ఆవిడ: "కాలేజీ ఈ గదిలోకి వచ్చిందా ఏమిటండీ?"

నేను: "అక్కడ చెప్పేవాళ్లకి రాదు."

"మీకు వచ్చా?"

"నాకు వచ్చు కాబట్టే వెళ్లడం లేదు."

"నలభై నాలుగేళ్ల నుంచి ఎవరో వెళ్లనివ్వలేదన్నారు. ఇప్పుడు గేటు తెరిచే ఉందిగా. ఇప్పుడు ఎవరు ఆపారు?"

ఈ ఇంట్లో చదువుకునే వాతావరణం లేదు.

ఆగస్టు 8, గురువారం. సాయంత్రం 6.15

బబుల్‌గమ్ ఫోను.

"తాతగారూ, చచ్చారా బతికున్నారా?"

"మోకాలు..."

"మోకాలుతో రాస్తారా పరీక్ష? ఇరవయ్యో తారీకు లోడ్‌షీట్ పేపరు. అందులో ఫెయిలైతే రెండో టర్ముకి పంపరు. సప్లిమెంటరీలో కూడా పోతే పేరు తీసేస్తారు. మేడమ్ బోర్డు మీద రాసింది. నాకు ఆ గీతలు ఒక్కటీ అర్థం కావట్లేదు. మీరు రావాలి."

"మేడమ్ నా గురించి అడిగిందా?"

"మీ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వట్లేదు. గది బరువు తప్పుతుందట."

రేపటి నుంచి వెళ్తున్నాను. మోకాళ్లు రెండూ బాగున్నాయి. విచిత్రం!

ఆగస్టు 19, సోమవారం. ఉదయం 9.30

పది రోజులుగా క్యాంటీన్‌లో ట్యూషన్ చెప్తున్నాను. మొదట బబుల్‌గమ్‌కు, తర్వాత తొమ్మిదిమందికి. ఖాళీ గ్లాసులు ప్రయాణికులు, బిస్కెట్ ప్యాకెట్లు సరుకు, పొడవాటి బల్ల విమానం. క్యాంటీన్ యజమాని "సరుకు తినేస్తున్నారు సార్" అని గోల. రేపు పరీక్ష. సంతకం సాధన చేస్తున్నాను. రెండు పేజీలు నిండాయి. చివరి అక్షరం కింద చిన్న విమానం తోకలా ఒక మెలిక. బాగుంది!

ఆగస్టు 20, మంగళవారం. మధ్యాహ్నం 2.00

రాసేశాను! గంటన్నర పేపరు, నలభై నిమిషాల్లో! నిజం చెప్పాలంటే సంతకం ముందే పెట్టేశాను. గడి దాటి అవతలికి పోయింది. పోనీ.

ప్రశ్న: ఏడు ప్యాలెట్ల సరుకు, 140 మంది ప్రయాణికులు. ఆ తిక్క 84 తోనే గుణించాను, చూశారా నా పెద్దరికం! అన్నీ కూడాను. 840 కిలోలు ఎక్కువ వచ్చింది! విమానం ఎగరదు. ఏదో దించాలి. బబుల్‌గమ్ వైపు చూస్తే ఆ పిల్ల ఏమీ దించినట్టు లేదు, హాయిగా బుడగ ఊదుతోంది. పాపం, తప్పు చేసిందనుకున్నాను.

మామూలు మనిషి సరుకు దించేవాడు. నేను దించను. ముప్ఫై ఆరేళ్లు సరుకు మనిషిని. పెట్టె ఏం తప్పు చేసింది? నోరు లేదు, మాట ఇవ్వదు, ఇచ్చి తప్పదు. తప్పులు చేసేది ప్రయాణికులు. 840 అంటే సరిగ్గా పదిమంది! దించేశాను! రిమార్కుల గడి ఖాళీగా ఉంది. ఎవరెవర్ని దించానో రాశాను:

1. మా పెద్ద సారు. మాట తప్పినందుకు.
2. టై. టైకి.
3. మా బావమరిది. నా గొడుగు తీసుకెళ్లి "ఏ గొడుగు బావా?" అన్నందుకు.
4. లైబ్రరీ గుమాస్తా. నేను అడిగిన పుస్తకం లేదని చెప్పి, బల్ల కింద అదే చదువుతున్నందుకు.
5. పళ్ల డాక్టరు. నొప్పి లేని పన్ను పీకి, "ఇదీ రేపో మాపో నొప్పి పెట్టేదే" అన్నందుకు.
6. పై వాటాలో బాకా ఊదేవాడు. కారణం అక్కర్లేదు.
7. ఆరో నంబరు బస్సు డ్రైవరు. నా కళ్లలోకి చూసి కూడా ఆపనందుకు.
8. నా పదవీ విరమణ సభలో పది నిమిషాలు టై గురించి మాట్లాడిన మేనేజరు.
9. పత్రిక సంపాదకుడు. పదకొండు ఉత్తరాల్లో ఒక్కటీ వేయనందుకు.
10. రూలుకర్ర మేడమ్. సగటు మనిషితో కలిపి.

ఎంత తేలికయిందో! విమానం సంగతి కాదు. నా సంగతి. బయటికి వచ్చి రెండు ఐస్‌క్రీములు తిన్నాను.

ఆగస్టు 27, మంగళవారం. మధ్యాహ్నం 3.30

సున్నా.

మేడమ్ గది. నా లోడ్‌షీట్ బల్ల మీద. పక్కన స్కేలు.

"తాతగారూ, ఏడు నూట ఇరవైలు ఎంత?"

"ఎనిమిది వందల నలభై."

అన్నాక అర్థమైంది.

"ప్రశ్నలో ఇచ్చింది పలకా వలా అన్నీ కలిపిన బరువు. పైనే రాశాను. మీరు మళ్లీ కలిపారు. ఒక్కో ప్యాలెట్‌కీ. కలిపినట్టు ఎక్కడా రాయను కూడా లేదు."

"మనసులో కలుపుతామండి. ఆచారం."

"ఏం దించక్కర్లేదు తాతగారూ. విమానం సరిగ్గా సరిపోయింది. అందరూ ఎక్కొచ్చు." పెదవులు అదిమిపట్టుకుంది, కోపమో నవ్వో తెలియలేదు. "నా సంచి మరీ అంత బరువా?"

"సంచి కాదండి. సగటు."

"అక్టోబరు మూడున సప్లిమెంటరీ. ఫీజు ఏమీ లేదు. ఒక్కటే షరతు. పేర్లు రాయకూడదు."

బబుల్‌గమ్‌కు నూటికి తొంభై ఒకటి. నా దగ్గర నేర్చుకుంది!

ఆగస్టు 28, బుధవారం

తీర్మానాలు నాలుగూ కొట్టేశాను. కాలేజీ లేదు. డిగ్రీ లేదు. పుస్తకాలు అటక మీద. తేనెటీగలు పెంచుతాను. తేనెటీగలకు సంతకం అక్కర్లేదు.

ఆగస్టు 30, శుక్రవారం

తేనెటీగలు కుడతాయట. 41వ పేజీ.

సెప్టెంబరు 1, ఆదివారం. ఉదయం 10.40

మేడమ్ తిరిగిచ్చిన లోడ్‌షీటును మా ఆవిడ అలమారలో చూసింది. కుర్చీ లాక్కుని, పదిమంది జాబితా మొత్తం చదివింది. బావమరిది దగ్గర నవ్వింది, వాడు ఆవిడ తమ్ముడే అయినా. తర్వాత మొదటి పేరుకు తిరిగి వెళ్లి, వేలు పెట్టి ఆగింది.

"పాపం, పెద్ద సారుని ఎందుకు దించారండీ?"

"ఎందుకా! మాట తప్పాడు కాబట్టి!"

"ఆయన తప్పలేదు. మీ కాగితం సంతకం పెట్టి సిద్ధంగా పెట్టాడు. మా నాన్న వెళ్లి ఆపాడు."

గ్లాసులోంచి పళ్లు తీసి పెట్టుకున్నాను. పళ్లు లేకుండా వినే మాట కాదు.

"ఎనిమిది నెలల కోర్సు, వేరే ఊళ్లో. నాకు అప్పుడు ఏడో నెల. 'మా అల్లుణ్ణి పంపకండి, నేను చెప్పానని కూడా చెప్పకండి' అని చేతులు పట్టుకున్నాడట. ఆయన సరేనన్నాడు. ఆ మాట మాత్రం తప్పలేదు, చూశారా."

"నీకు ఎప్పుడు తెలుసు?"

"నాన్న పోయేముందు చెప్పాడు. ఇరవై ఏళ్లయింది."

"ఇరవై ఏళ్లు నాకు చెప్పలేదా!"

"చెబుదామనే అనుకున్నానండీ. కానీ మీకు పెద్ద సారు మీద కోపం బాగా అలవాటైపోయింది. పొద్దున లేవగానే టీ, పేపరు, పెద్ద సారు. దాన్ని చెడగొట్టడం ఎందుకని."

సెప్టెంబరు 2, సోమవారం. ఉదయం 6.00

పెద్ద సారు పోయి పదకొండేళ్లు. చూడటానికి వెళ్లలేదు. కబురు తెచ్చినవాడికి కాఫీ కూడా ఇవ్వలేదు. నలభై నాలుగేళ్లు ఆయన్ని తిట్టిన తిట్లు అన్నీ పొరపాటు చిరునామాకు వెళ్లాయి! ఒక్కటీ తిరిగి రాలేదు, ఆయన అన్నీ తీసుకున్నాడు. నేను షెడ్డులో ఎదురుపడి మొహం తిప్పుకుంటే, ఆయన పెన్నుతో టీ కలుపుకుంటూ కిటికీలోంచి బయటికి చూసేవాడు. గర్వం అనుకున్నాను.

మధ్యాహ్నం 12.30

టై తప్పు కూడా లేదు. ఖాళీ వస్తే ఎవరో ఒకరు వెళ్లాలి. వాడు వెళ్లాడు. వాడి టై మాత్రం నిజంగానే బాగుండేది కాదు.

సెప్టెంబరు 9, సోమవారం. ఉదయం 5.20

మళ్లీ మొదలు!

అటక మీది పుస్తకాలు మా ఆవిడ దింపించింది. నన్ను ఎక్కనివ్వలేదు. సప్లిమెంటరీకి పేరు రాసి వచ్చాను. బబుల్‌గమ్ నా పలకల మీద నిఘా: "తాతగారూ, కలిపారా?" అని ప్రతి అయిదు నిమిషాలకూ అడుగుతుంది. "కలపలేదు!" అంటే బుడగ. ఆ పిల్ల రెండో టర్ములో ఉంది, క్యాంటీన్‌లో మాత్రం నాతోనే కూర్చుంటుంది.

కొత్త తీర్మానాలు:
1. మోకాలు బాగున్నా బాగోకపోయినా క్లాసు.
2. 84 అంటే 84.
3. ప్రశ్న పైన రాసింది ముందు చదవాలి.
4. "మా రోజుల్లో": రోజుకు ఒకటి. అది కూడా క్యాంటీన్‌లో.

ఉదయం 11.15

మేడమ్ నమూనా పేపరు ఇచ్చింది. పైన ఎర్ర సిరాతో "పేర్లు రాయవద్దు", కింద రెండు గీతలు.

చేశాను. ప్యాలెట్లకు ఏమీ కలపలేదు. చెయ్యి రెండుసార్లు కలపబోయింది, ఎడమ చేత్తో పట్టుకున్నాను. లెక్క సరిపోయింది! అందరినీ ఎక్కించాను. పెద్ద సారును ముందు వరసలో, కిటికీ పక్కన. టైని ఆయన పక్కన. బావమరిదిని గొడుగుతో సహా. పళ్ల డాక్టరు, బస్సు డ్రైవరు, సంపాదకుడు అందరూ ఎక్కారు. బాకావాణ్ణి చిట్టచివరి వరసలో పడేశాను, ఎక్కడం మాత్రం ఎక్కించాను. మేడమ్‌ను సరిగ్గా మధ్యలో. మనసులోనే. కాగితం మీద ఒక్క పేరు లేదు.

అప్పుడు పేజీ తిప్పితే ఆఖరి ప్రశ్న: "చివరి నిమిషం మార్పు. ఒక ప్రయాణికుడు తగ్గాడు. లోడ్‌షీటును సరిచేయండి."

ఒకరు తగ్గాలి. అడిగింది మేడమే. నేను కాదు.

84 తీసేశాను. లెక్క సరిచేశాను. పెన్సిలు తీసుకున్నాను. పెన్సిలుతో రాస్తే రాసినట్టు కాదు.

కోర్సు ఆపినందుకు కాదు. కూతురి కోసం ఆపాడు, ఆ వయసులో నాకూ ఏడో నెల కడుపుతో కూతురు ఉంటే నేనూ ఆపేవాణ్ణేమో. కానీ ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లు ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, నేను పెద్ద సారును తిడుతుంటే తల ఊపాడు! "అవును అల్లుడూ, అసలు మనిషే కాడు వాడు" అన్నాడు! ఒకసారి నాకు తిట్టు దొరక్కపోతే తనే అందించాడు!

అంచులో సన్నగా రాశాను: మా మామగారు.